బషందీ కన్ను పడిన ఏడాది

భూమ్మీద ఏ మూల ఏ ఆటలో ఎవరు ఓడిపోయినా అది తన వల్లనేనని బషందీ చెప్పుకునేవాడు. మామూలుగా మనుషులు గెలుపు కనిపిస్తే ఎగబడతారు. బషందీది వేరే దారి. ఎక్కడైనా ఓ ఓటమి దిక్కూమొక్కూ లేకుండా పడివుంటే చాలు, వెళ్ళి దాన్ని భుజాన వేసుకునేవాడు. "నేను చూశాను. నా కన్ను పడింది. తప్పు నాదే" అనేవాడు, అదేదో బిరుదు అందుకుంటున్నంత ధీమాగా.

దమియెత్తా ఊళ్ళో వడ్రంగుల వీధిలో ఆయన పాలిష్ మేస్త్రి. అరవై రెండేళ్ళు. లక్క పాలిష్ పట్టిపట్టి చేతులు మోచేతులదాకా టేకు రంగుకి తిరిగాయి. ఇక ఆ లోకప్రసిద్ధమైన కళ్ళకి సోడాబుడ్డి అద్దాలు. అవి తీస్తే మనిషికీ బీరువాకీ తేడా తెలియదు. ఒకసారి అద్దాలు తుడుచుకుంటూ, వీధిలో ఎండకి పెట్టిన మూడు తలుపుల బీరువాకి సలాం చెప్పి, అది తిరిగి పలకలేదని రెండు రోజులు అలిగాడు.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు వగ్దీ. ఆ అద్దాలు చేసిచ్చేది అతనే. అతని కళ్ళద్దాల దుకాణానికి సరిగ్గా ఎదురుగా జైనహుమ్ కాఫీ కొట్టు. మధ్యలో ఓ గాడిద బండి పట్టేంత సందు. కొట్టులో గోడంత టీవీ. ఆ టీవీ ముందే ఆ ఏడాదంతా బషందీ కన్ను పేరు మోగిపోయింది.

మొదలైంది జనవరిలో. హ్యాండ్‌బాల్ సెమీఫైనల్. ఆఖరి క్షణంలో మనవాడు విసిరిన బంతి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. కొట్టులో ఇద్దరు బావామరుదులున్నారు, ఒకే సోఫాల దుకాణంలో భాగస్వాములు. బావ మధ్యలో చానెల్ మార్చడం వల్లే దరిద్రం పట్టిందని బావమరిది లేచాడు. కుర్చీలు గాల్లోకి లేచాయి. అప్పుడు మూలనుంచి బషందీ చెయ్యెత్తాడు.

"ఆగండర్రా! చానెల్ కాదు, నేను."

"నువ్వేంటి బాబాయ్?"

"ఆఖరి నిమిషంలో ఈ మూలనుంచే చూశాను. అబ్బ, కుర్రాడు ఎంత పొడుగున్నాడు అనుకున్నా. నేను అనుకోవడం, బంతి స్తంభానికి కొట్టుకోవడం."

కుర్చీలు దిగాయి. చేతులు లేచాయి. దిష్టికి విరుగుడుగా అందరూ ఐదు వేళ్ళూ ఆయన మొహం మీదికి చాపారు. బావామరుదులిద్దరూ ఏకకంఠంతో ఆయన్ని తిట్టిపోసి, ఒకే టీ పంచుకు తాగి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇంటికి పోయారు.

మార్చిలో బాక్సింగు. తంతా ఊరి బాక్సరు. వాడి మేనమామ మన వీధిలోనే వార్నిషు అమ్ముతాడు. నెల రోజుల్నించీ "మా మేనల్లుడు, మా మేనల్లుడు" అని చెవులు తినేశాడు. ఆ మేనల్లుడు రెండో రౌండులో వెల్లకిలా పడ్డాడు. మేనమామ టీ గ్లాసులోకి తల వంచినవాడు మళ్ళీ ఎత్తలేదు. వీధి మొత్తం నోరు తెరవబోతోంది.

"నేను చూశాను" అన్నాడు బషందీ.

"బాబాయ్, టీవీ చెడిపోయింది. రేడియోలో విన్నాం కదా!" అన్నాడు జైనహుమ్.

"రేడియోనే చూశాను."

"రేడియోని చూస్తే కన్ను తగులుతుందా?"

"నాది గట్టి కన్నురా నాయనా."

జూలైలో ఫ్రాన్సులో సైకిళ్ళ పందెం. అందులో మనవాళ్ళెవరూ లేరు. ముందు వెళ్తున్నవాడు కొండ దిగుతూ జారి గడ్డివాములో పడ్డాడు. "సైకిలు ముచ్చటగా ఉందనుకున్నానర్రా" అన్నాడు బషందీ, బాధగా. సెప్టెంబరులో అలెగ్జాండ్రియా అమ్మాయి స్క్వాష్ ఫైనల్లో ఓడిపోయింది. "ఆ పిల్లని చూడలేదు. గోడని చూశాను. ఆ ఆటలో గోడే కదా ముఖ్యం?" అన్నాడు.

అప్పటికి కొట్టులో కొత్త కట్టుబాట్లు వచ్చేశాయి. ప్రతి మ్యాచ్‌కీ ముందు జైనహుమ్ కాగితంతో మనిషి బొమ్మ కత్తిరించేవాడు. దిష్టి తీసేటప్పుడు ఆ బొమ్మని సూదితో పొడుస్తూ, ఇది పక్కింటావిడ కంటికి, ఇది ఎదురింటాయన కంటికి అని వరసపెట్టి పేర్లు చదివి, చివర కాల్చెయ్యడం మామూలు. ఆ ఏడాది పేర్ల జాబితా చిన్నదైపోయింది. "ఇది బషందీ కంటికి. ఇది బషందీ కంటికి. ఇదీ బషందీ కంటికే." బొమ్మ జల్లెడ అయ్యేది. అది కదలకుండా పట్టుకునేవాడు బషందీయే.

"మెడ దగ్గర రెండు వదిలేశావు చూడు" అనేవాడు. "పని చేస్తే శుభ్రంగా చెయ్యి."

తర్వాత ఆయన్ని బొగ్గుల గదిలో పెట్టి గొళ్ళెం వేసేవారు. ఆ తలుపుకి చెక్కకణుపు ఊడి ఓ కన్నం ఉండేది. పాలిష్ మేస్త్రి కాబట్టి, దాన్ని మైనంతో ఆయన చేతే మూయించారు. ఆయన ఎంత బాగా మూశాడంటే, కన్నం ఎక్కడుండేదో మర్నాడు జైనహుమ్‌కే తెలియలేదు.

నవంబరు వచ్చింది. మన ఊరి వడ్రంగుల ఫుట్‌బాల్ జట్టుకి ఊరవతల సొంత మైదానంలో కైరోనుంచి వచ్చిన పెద్ద జట్టుతో మ్యాచ్. గోలీ షాజ్లీ ఈ వీధి కుర్రాడే. ఇరవై మూడేళ్ళు. వాళ్ళమ్మ ఇన్షిరాహ్ సందు మొదట్లో పెద్ద మూకుడు పెట్టి జిలేబీల్లాంటి ముషబ్బక్ చుట్టలు వేసి పాకంలో ముంచుతుంది. ఆవిడ చుట్టలు తిని పెరిగినవాళ్ళే కొట్టులో కూర్చున్నవాళ్ళంతా.

మ్యాచ్‌కి ముందురోజు బషందీ అద్దాలు కిందపడి రెండూ పగిలాయి. వగ్దీ దగ్గరికి తడుముకుంటూ వచ్చాడు.

"శనివారానికిస్తాను బాబాయ్."

"అందాకా మొహం బోసిగా తిరగమంటావా? ఎవరైనా గుర్తుపడతారా నన్ను?"

వగ్దీ నవ్వి, అద్దాల పెట్టెలో అలంకారానికి పెట్టిన ఓ ఫ్రేమిచ్చాడు. అందులో ఉన్నది ఉత్త గాజు. అది పెట్టుకుని బషందీ హుందాగా బయటికెళ్ళి, తలుపనుకుని గోడలోకి నడిచాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఎనభై తొమ్మిది నిమిషాల దాకా మనవాళ్ళదే ఆధిక్యం, ఒక గోలు. తొంభయ్యో నిమిషంలో సమం అయింది. ఆ తర్వాత మధ్యలోంచి ఎవడో ఊరికే తన్నిన బంతి, చంటిపిల్లాడు కూడా పట్టే బంతి, షాజ్లీ చేతుల్లోకి వచ్చి, చేతుల్లోంచి కాళ్ళ మధ్యకి జారి, నింపాదిగా గీత దాటింది.

కొట్టులో చప్పుడే చప్పుడు. అభిమానుల సంఘానికి పెద్ద గరీబ్. చెక్క మీద పువ్వులు చెక్కడంలో దిట్ట, కోపంలో అంతకన్నా దిట్ట. గట్టి తెల్ల కాగితమొకటి తెప్పించి, షాజ్లీని జట్టులోంచి తీసెయ్యాలని అర్జీ రాశాడు. రేపు పొద్దున్నే క్లబ్బు వాళ్ళకి ఇవ్వాలి. పావుగంటలో నూట నలభై సంతకాలు పడ్డాయి. సందు మొదట్లో ఇన్షిరాహ్ పొయ్యి ఆర్పేసింది. మూకుడు ముందు అలాగే కూర్చుంది. ఆవిడకి అన్నీ వినబడుతున్నాయి. కుర్రాడు బస్సు దిగి ఈ సందులోంచే ఇంటికి రావాలి.

అప్పుడు బొగ్గుల గది తలుపు దబదబా మోగింది. గొళ్ళెం తీస్తే బషందీ. మొహమంతా బొగ్గు. రెండు వేళ్ళ మధ్య గోలీకాయంత మైనం ముద్ద.

"చూశాను" అన్నాడు.

"కన్నం మూశావు కదయ్యా!"

"నేను మూసిందే కదా, నేనే తీశాను. తొంభయ్యో నిమిషంలో మనసు ఆగలేదు. అబ్బ, షాజ్లీ చేతులెంత నేర్పుగల చేతులూ అనుకున్నా. ఇక ఆ చేతులేం చేస్తాయి పాపం?"

వగ్దీ నోరు తెరిచాడు. ఉత్త గాజులోంచి, ఆ కన్నంలోంచి, పాతికడుగుల అవతలి టీవీ! ఆయనకి ఎదురుగా ఉన్న గరీబ్ మీసాలే కనబడవు! మాట బయటికి రాబోతుండగా బషందీ తడుముకుంటూ వచ్చి, సరిగ్గా అతని కాలు మీద కాలేసి, బరువంతా దాని మీద పెట్టి నిలబడ్డాడు. వగ్దీ నోరు మూసుకున్నాడు.

"నిన్ను నరికి పోగులు పెట్టాలి!" అని అరిచాడు గరీబ్.

"పెట్టండి నాయనా. కానీ ముందు బొమ్మ కాల్చండి. నా కన్ను ఇంకా ఆ గోలు స్తంభాల మీదే ఉంది. ఇది పొద్దు వాలేలోగా జరగాలి."

"కాగితం తేండి!"

జైనహుమ్ పాత దినపత్రిక తెచ్చాడు. బషందీ ఒప్పుకోలేదు. "అందులో ఎవరెవరి ఫొటోలో ఉంటాయి. సూది వాళ్ళకి గుచ్చుకుంటే? గట్టి తెల్ల కాగితం కావాలి."

అందరి కళ్ళూ గరీబ్ చేతిలోని కాగితం మీదికి పోయాయి.

"ఇది అర్జీ!" అన్నాడు గరీబ్, దాన్ని గుండెకి హత్తుకుని.

"తప్పు నాదని తేలాక కుర్రాడి మీద అర్జీ ఏంటి? నా మీద రాసుకోండి కావాలంటే. నన్ను ఏ జట్టులోంచి తీస్తారో మీ ఇష్టం."

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వుతో పట్టు సడలింది. "ఇచ్చెయ్ గరీబ్, పొద్దు పోతోంది" అన్నారు చుట్టూ. కత్తెర కరకరలాడింది. నూట నలభై సంతకాలతో బొమ్మ తయారైంది. గరీబ్ కసిగా తనే సూదితో పొడిచాడు. బషందీ కదలకుండా పట్టుకుని, మెడ దగ్గర వదిలేసిన చోట్లు చూపించాడు. అర్జీ బూడిదైంది. షాజ్లీ తల వంచుకుని సందులోకి వచ్చేసరికి జనం అతన్ని చూడనే లేదు. బషందీ మొహం మీదికి ఐదు వేళ్ళూ చాపే పనిలో ఉన్నారు.

శనివారం బషందీ కొత్త అద్దాలు తీసుకోవడానికి వచ్చాడు.

"బాబాయ్, నిన్న నీ కళ్ళు నా సొరుగులో ఉన్నాయి" అన్నాడు వగ్దీ.

"సొరుగులోంచి చూసుంటాయి."

"నవ్వకు. నిజం చెప్పు."

బషందీ అద్దాలు చెవులకి సర్దుకున్నాడు. "నన్నైతే రెండు పూటలు తిడతారు. మూడో పూట నా చేతే కుర్చీలకి పాలిష్ పెట్టించుకుంటారు. ఆ కుర్రాడి మీద పడితే వాడు ముసలివాడయ్యేదాకా మొయ్యాలి. అంతే కదా?"

వగ్దీకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఏడాదంతా ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. హ్యాండ్‌బాల్ నాటి బావామరుదులు, టీ గ్లాసులోకి తల వంచిన మేనమామ. ఒక్క ఫ్రాన్సు సైకిలే ఏ లెక్కలోకీ రాలేదు. బహుశా అది నిజంగానే ముచ్చటగా ఉండి ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఈ మనిషి కళ్ళు కొలుస్తూ ఇంత చూపుందని కనిపెట్టలేకపోయినందుకు వగ్దీకి తన మీద తనకే సిగ్గేసింది, ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

డిసెంబరు ఆఖరి శుక్రవారం, కప్పు మ్యాచ్, కైరోలో. మళ్ళీ అదే పెద్ద జట్టు. బొగ్గుల గది మీద ఎవరికీ నమ్మకం లేదు. "వగ్దీ దుకాణంలో కూర్చోబెట్టండి. వీపు వీధివైపు, మొహం గోడవైపు. వగ్దీ కాపలా" అని గరీబ్ తీర్మానించాడు.

బషందీ బుద్ధిగా గోడకేసి తిరిగి కూర్చున్నాడు. చేతిలో ఆ రోజు పత్రిక. ఏడాది ఆటల్లో మరపురాని ఘట్టాలని ఓ పేజీ నిండా వేశారు. పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. "ఈ బాక్సరు నావాడు. ఈ హ్యాండ్‌బాల్ నాది. సైకిలు వేశారా? వేశారు. ఇరవై ఘట్టాల్లో పదకొండు నావే వగ్దీ. మంచి ఏడాదే."

ఆట సమంగా ముగిసి పెనాల్టీలకి పోయింది. ఎదురుగా కొట్టులో అందరూ కుర్చీల అంచులకి జరిగారు. వగ్దీ మెడ తిప్పి టీవీ చూస్తున్నాడు. షాజ్లీ ఎడమకి దూకాడు, బంతి ఆపాడు! పక్కన కుర్చీ కిర్రుమంది. చూస్తే బషందీ కుడికి ఒరిగిపోయి ఉన్నాడు. మళ్ళీ ఆఖరి పెనాల్టీ, గెలుపోటములు తేల్చేది. షాజ్లీ కుడికి దూకి ఆపాడు. బషందీ ఎడమకి పడబోయి బల్ల పట్టుకున్నాడు.

వగ్దీ ఆయన చూస్తున్న గోడకేసి చూశాడు. బేరాలవాళ్ళు ఫ్రేములు పెట్టి చూసుకునే అద్దం ఉందక్కడ. అందులో ఎదురు కొట్టు టీవీ మొత్తం, కుడీ ఎడమా తిరగేసి, నిక్షేపంగా కనిపిస్తోంది.

"బాబాయ్!"

"గట్టిగా అరవకు" అన్నాడు బషందీ. కళ్ళద్దాల వెనక కళ్ళు తడిగా మెరిసిపోతున్నాయి. "నీ అద్దాలు దివ్యంగా ఉన్నాయిరా. వాడి చేతి తొడుగుల కుట్లు కూడా కనబడ్డాయి."

"చూశావు! చూసినా గెలిచారు! పద, అందరికీ చెప్దాం. నీ కన్ను మంచిదేనని..."

"నోర్ముయ్. నేను చూశానని తెలిస్తే గెలుపులో నాకూ వాటా ఇస్తారు. ఆ రెండు బంతులూ ఆపింది వాడు. మొత్తం వాడిదే." పత్రిక అడుగున ఖాళీలో ఇరవై ఒకటో ఘట్టంగా షాజ్లీ పేరు రాసి, పక్కన టిక్కు పెట్టకుండా వదిలేశాడు.

అంతలో వీధంతా దుకాణంలోకి విరుచుకుపడింది. "బాబాయ్, చూడలేదు కదా?"

"కాపలావాణ్ణి అడగండి."

"వీపు మీవైపే ఉంది" అన్నాడు వగ్దీ. అబద్ధం కాదు కదా!

"చూడకుండా ఉన్నాడు కాబట్టే గెలిచాం!" అని గరీబ్ ఆయన నెత్తి మీద మూడు ముద్దులు పెట్టాడు.

వాళ్ళ వెనకాలే ఇన్షిరాహ్ వచ్చింది, పాకం ఓడుతున్న ముషబ్బక్ పళ్ళెంతో. పళ్ళెం బషందీ ఒళ్ళో పెట్టింది. ఆయన కుర్చీకేసి చూసింది, గోడకేసి చూసింది. అద్దం మీద సరిగ్గా ఆయన మొహం ఎత్తున ఊపిరి ఆవిరి ఇంకా ఆరలేదు. కొంగుతో ఆవిరి శుభ్రంగా తుడిచింది. అందులో కొడుకు, జట్టువాళ్ళ భుజాల మీద, తిరగేసి నవ్వుతున్నాడు.

"నాయనా వగ్దీ, ఈ అద్దం రోజూ తుడుస్తూ ఉండు" అంది. "వచ్చే నెల లీగు మ్యాచులున్నాయి. అన్నయ్య ఇక్కడే కూర్చుంటాడు."