చప్పుడు చేయని రింగు

ముసుగులు వేసుకుని కుస్తీ పట్టే మెక్సికో వస్తాదుల మీద నాటకం వేస్తున్నాం, సెట్ నువ్వే చెయ్యాలని డైరెక్టర్ అడిగినప్పుడు ఎగిరి గంతేశాను. ఎనభైల మొదట్లో, మేం అమెరికాలో అరోరా అనే ఊళ్లో ఉన్నప్పటి సంగతి. అప్పటిదాకా ఆ థియేటర్‌లో నాకు దక్కినవి సోఫాలు, కిటికీలు, మెట్లు. ఇది నాదని చెప్పుకోదగ్గ సెట్ ఒక్కటీ లేదు.

మా పక్కింటావిడది మెక్సికో. ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను కుస్తీకి తీసుకెళ్లింది. ముసుగు ఊడిందంటే వస్తాదు పరువు పోయినట్టేనట, అన్నం తినేటప్పుడు కూడా తియ్యరట. అవన్నీ విన్నాను గానీ నన్ను పట్టేసింది చప్పుడు. మనిషి వెల్లకిలా పడగానే రింగు ఉరిమింది, నా కుర్చీ అదిరింది. ముసుగులో ముఖం కనపడదు కదా, దెబ్బ తగిలిందని జనానికి చెప్పేది రింగు కింద పరిచిన చెక్కలే.

అందుకే మా రింగులో చెక్కల్ని బిగించకుండా వదులుగా పరిచాను. వాటి మీద పల్చటి పరుపు, ఆ పైన లాగి కట్టిన కాన్వాస్. మొదటి రిహార్సల్లో నటుడు పడగానే హాలంతా దద్దరిల్లింది. సంతోషం పట్టలేకపోయాను.

డైరెక్టర్ చెవులు మూసుకున్నాడు.

"డైలాగులు వినపడటం లేదు. ఫోమ్ వేయించు."

"పడ్డాక కాస్త ఆగి మాట్లాడమనండి. జనం కూడా ఆగుతారు," అన్నాను.

"ఇది నాటకం, కుస్తీ కాదు. నువ్వు రంగుల సంగతి చూడు. మీవాళ్లకి రంగులు బాగా తెలుసు కదా."

ఒళ్లు మండిపోయింది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పక్కింటావిడను తీసుకొచ్చి చెప్పించినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మర్నాడు వెళ్లేసరికి చెక్కలకు మేకులు దిగి ఉన్నాయి, వాటి మీద ఇంత మందాన ఫోమ్.

ప్రివ్యూ రోజు హీరో కింద పడ్డాడు. మంచం మీద దిండు పడేసినట్టు చిన్న శబ్దం. ముసుగు పోగొట్టుకునే ఘట్టంలో జనం నవ్వారు. గాభరాపడ్డ డైరెక్టర్ ఫోమ్ తీయించాడా అంటే లేదు, ఎక్కడో అద్దెకు పెద్ద డోలు తెప్పించి తెర వెనక పెట్టించాడు. మనిషి పడగానే ఒకతను దాన్ని బాదాలి. ఆ డోలు రోజూ ఆలస్యంగానే మోగింది. నేను రోజూ పళ్లు కొరుక్కుంటూనే చూశాను.

పేపర్లో రివ్యూ వచ్చింది. డిజైనర్ తన దేశపు పాత నాటకాల్లోని డోలును మెక్సికో కుస్తీకి జోడించడం గొప్ప ఆలోచనట. ఆ వారం మా ఊరి తెలుగువాళ్లం తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో డాక్టర్ ఆంటీ నా ప్లేట్‌లో పులిహోర వేస్తూ, "మన డోలు పెట్టావంట కదమ్మా, చాలా ప్రౌడ్‌గా ఫీల్ అయ్యాం," అంది. అది నాది కాదు, నా రింగు నోరు నొక్కేశారు అని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే పక్కావిడను పిలిచి నన్ను చూపిస్తోంది.

నాటకం అయిపోయాక సెట్ విప్పే రోజు నేను ముందే వెళ్లాను. ఫోమ్ లాగి పారేశాను. మేకులన్నీ నా చేత్తోనే పీకాను. కాన్వాస్ కప్పి, రింగు మధ్య నిలబడి, వెల్లకిలా పడ్డాను. వీపు చిట్లిందనుకున్నాను. హాలు ఉరిమింది.

ఆఫీసు గదిలోంచి డైరెక్టర్ కేక వినపడింది.

"ఎవరది డోలు కొట్టింది? నాటకంలో ఒక్కరోజైనా ఇలా కొట్టారా?"

నేను లేవలేదు. డోలు ముందురోజే అద్దె షాపుకి వెళ్లిపోయింది.