గట్టు దాటిన పైపు

యాడికి అనే ఊరి దగ్గర, నేల కింద నీళ్లున్న చోటు కనిపెట్టి బోరు పాయింట్లు చూపిస్తూ నేను తిరిగే రోజుల్లో ఒక రైతు పరిచయమయ్యాడు. నీళ్ల చెంబు ఎత్తే ముందు "ఇంకెవరు తాగాలప్పా?" అని చుట్టూ చూసేవాడు.

ఆ ఏడు వానల్లేక, ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు ఆయన వేరుశెనగ, గట్టవతల పాస్టరుగారి వేరుశెనగ రెండూ వాడిపోయాయి. నేను చూపిన చోట రైతు బోరు వేయించాడు. మోటరు వేయగానే నీళ్లు ఎగజిమ్మాయి! నేను ఎగిరి గంతేశాను. ఆయన దోసిలి పట్టి, అలవాటుగా చుట్టూ చూశాడు.

గట్టు మీద పాస్టరుగారు నిలబడి ఉన్నారు. "రేపు నేనూ బోరు బండిని పిలుస్తాండానన్నా!"

"వద్దు పాస్టరూ! చెరొకటి వేస్తే రెండూ ఎండిపోతాయి. దీంట్లోనే ఒక తడి నీకు, ఒక తడి నాకు."

"నీ నీళ్లు నాకెందుకిస్తావన్నా?"

"వాన కురిపించేటప్పుడు నీ దేవుడు గట్టు చూస్తాడా ఏమప్పా? నా దేవుడూ చూడడు. పట్టు పైపు!"

ముగ్గురం నవ్వుతూ పైపును గట్టు దాటించాం. పాస్టరుగారి సాళ్లు తడిశాకే రైతు మళ్లీ దోసిలి పట్టి, కడుపునిండా తాగాడు.