మూడో అంతస్తు పిల్లి

ముప్పయ్యొక్క ఏళ్లు ఉజ్బెకిస్తాన్‌లోని మార్గిలాన్ పట్టు మిల్లులో, సలసల కాగే తొట్ల ముందు నిలబడి, ఉడుకుతున్న పట్టుగూళ్లలోంచి దారపు కొసలు వెతికి తీసిన మనిషి హోసియత్. ఆ చేతులు ఇప్పటికీ వేడినెరగవు. పొయ్యి మీది గిన్నెని గుడ్డ లేకుండా దించేస్తుంది. చన్నీళ్లు తగిలితే మాత్రం వేళ్ల సందులు పగిలి నెత్తురొస్తుంది. మిల్లు మూతపడి చాలాకాలమైంది. మిల్లువాళ్లు కట్టించిన నాలుగంతస్తుల ఇళ్లలో కింద వాటా ఆమెది. మొగుడు పోయాడు, కూతుళ్లిద్దరూ అత్తవారిళ్లలో ఉన్నారు. పొద్దువాలేసరికి పెరటి పిల్లులు ఆరేడు ఆమె గుమ్మం ముందు చేరతాయి. మిగిలిన శేర్వాలో ఎండు రొట్టె నానబెట్టి, పాత మూతలో పోసి పెడుతుంది. వాటికి పేర్లు లేవు, అవి ఎవరివీ కావు. తిన్నాక ఎటు పోతాయో ఆమె అడగదు.

అదే మెట్ల మీదుగా మూడో అంతస్తుకి వెళితే అక్కడ ఇంకో లోకం. రిమ్మా మకారోవ్నా పిల్లికి పేరుంది, పుట్టినరోజుంది, సొంత దిండుంది. రిమ్మా మిల్లు దవాఖానాలో నర్సుగా చేసింది. సోవియట్ కూలాక తనలాంటి రష్యన్లంతా ఒకరి తర్వాత ఒకరు మూటాముల్లె కట్టుకుని రష్యాకి పోతుంటే, అక్కడ నాకెవరున్నారు గనక అని ఆమె ఆగిపోయింది. హోసియత్ చేతులు కాలి బొబ్బలెక్కినప్పుడల్లా మందు రాసి కట్టు కట్టింది ఆవిడే. నా వేళ్లు నాకు మిగిలాయంటే అక్క చలవే అని హోసియత్ కనిపించినవాళ్లందరికీ చెప్పేది. ఇద్దరూ సాయంత్రాలు కలిసే టీ తాగేవారు. పిల్లి సంగతి వస్తే మాత్రం ఇద్దరికీ పడేది కాదు.

తీష అనే ఆ బూడిదరంగు పిల్లికి రిమ్మా ఉప్పులేని చేప ఉడికించి, ముళ్లు ఏరి పెట్టేది. కిటికీలకు వలలు కొట్టించింది. ఇసుక తొట్టి పెట్టింది. చిన్నప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి బీజాలు తీయించింది. ఆ ముచ్చట విన్న రోజున హోసియత్ చెవులు మూసుకుంది.

"మగపుట్టుక పుట్టినవాణ్ణి అలా చేయించారా అక్కా! దేవుడిచ్చిన కాళ్లకి నేలైనా తగలనివ్వరా?"

"మీ పెరటి పిల్లులు మూడేళ్లు బతికితే గొప్ప. మావాడికి పదకొండేళ్లు, తెలుసా?"

"పదకొండేళ్ల జైలు," అని హోసియత్ టీ పోసేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

జనవరిలో రిమ్మా గుండె మొరాయించింది. తాష్కెంట్ తీసుకెళ్లి ఛాతీ కోసి బాగుచెయ్యాలన్నారు. శనివారం బయల్దేరేముందు తాళంచెవి, చేప ఎంతసేపు ఉడకాలో రాసిన కాగితం హోసియత్ చేతిలో పెట్టి, ఒక్క మాట రెండుసార్లు చెప్పింది. తలుపు దగ్గర జాగ్రత్త, వాడికి బయట తెలీదు అని. కారెక్కాక కూడా అద్దం దించి మూడో అంతస్తు కిటికీకేసే చూసింది, హోసియత్ వంక చూడలేదు.

హోసియత్ మాట తప్పే మనిషి కాదు. నాలుగు రోజులు కాగితంలో ఉన్నట్టే ముళ్లు ఏరింది, ఇసుక మార్చింది. పిల్లి తినలేదు. తలుపు దగ్గర కూచుని ఒకటే ఏడుపు. రిమ్మా కోసం ఏడుస్తోందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పిల్లి మనిషి కోసం ఏడుస్తుందన్నది హోసియత్ ఎరిగిన పిల్లుల్లో లేని సంగతి. బయటికి పోవాలని ఏడుస్తోందనుకుంది. పైగా చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన మాటొకటి లోపల తొలుస్తోంది. ఒకావిడ పిల్లిని బంధించి ఉంచిందట, ఆ ఒక్క పాపానికే నరకానికి పోయిందట. ఆవిడ దానికి తిండి పెట్టలేదు, బయటికొదిలి దాని తిండి దాన్ని వెతుక్కోనివ్వనూ లేదు, పాపమంతా అక్కడే ఉంది. ఆ ముక్క హోసియత్ బుర్రలోంచి ఎప్పుడో జారిపోయింది. బంధించిందన్నది మాత్రం నిలిచిపోయింది.

బుధవారం మధ్యాహ్నం ఆమె తలుపు బార్లా తెరిచింది. పోయి కాస్త గాలి పీల్చుకురా నాయనా, చీకటిపడే వేళకి వచ్చెయ్ అని చెప్పింది, అన్ని పిల్లులకీ చెప్పినట్టే. తీష గడప దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత మెట్ల మీద పొట్ట ఆనించుకుంటూ కిందికి దిగిపోయింది. పుణ్యం చేశాననుకుంది హోసియత్. తృప్తిగా గిన్నెలు కడుక్కుంది.

పొద్దు వాలింది. పెరటి పిల్లులన్నీ వచ్చాయి, తీష రాలేదు. పిల్లికూనగా రిమ్మా కోటు జేబులో ఆ ఇంటికొచ్చిన ప్రాణి అది. తన ఇంటి తలుపుని బయటివైపు నుంచి అది ఎన్నడూ చూడలేదు. ఆ సంగతి హోసియత్‌కి మెట్ల మధ్యలో నిలబడి ఉండగా తట్టింది.

గురువారం నేలమాళిగలన్నీ వెతికింది. శుక్రవారం గ్యాసు గొట్టాల వెంట, చెత్తకుండీల వెనక, మూతపడ్డ మిల్లు గోడవారన తిరిగింది. పిష్ పిష్ అని పిలిస్తే ఊళ్లోని పిల్లులన్నీ వచ్చాయి, అది తప్ప. రిమ్మా కిస్ కిస్ అని పిలిచేదని గుర్తొచ్చి అలా పిలవడం మొదలెట్టింది. తలకు గుడ్డ కట్టుకున్న ఉజ్బెక్ ముసలమ్మ రష్యన్‌లో పిల్లిని పిలుస్తుంటే దారినపోయేవాళ్లు నవ్వారు. మంచులో నానిన వేళ్లు పగిలాయి. 

రిమ్మా రోజూ సాయంత్రం ఫోను చేస్తూనే ఉంది. తిన్నాడు, పడుకున్నాడు అని హోసియత్ చెబుతూనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక అన్ని అబద్ధాలు ఎప్పుడూ ఆడలేదు. నిజం చెబితే ఆ గుండె అక్కడే ఆగిపోతుందేమోనని భయం. సోమవారం పొద్దున్నే ఆపరేషనని శనివారం తేల్చి చెప్పారట. ఆ సాయంత్రం రిమ్మా ఇంకోటి అడిగింది.

"ఫోను వాడి చెవి దగ్గర పెట్టు. రెండు మాటలు మాట్లాడతాను."

హోసియత్ మూడో అంతస్తులోనే ఉంది. దిండు ఉంది, దాని మీద బూడిదరంగు బొచ్చుంది. ఏం చెయ్యాలో తోచక ఫోను దిండు మీద పెట్టింది. ఉత్త గదిలో రిమ్మా గొంతు వినబడసాగింది. తీషా, మందులు చేదుగా ఉన్నాయిరా అంది. పక్క మంచం ఆవిడ నిన్న పోయిందిరా అంది. ఇన్నాళ్ల పరిచయంలో హోసియత్‌తో ఎన్నడూ అనని మాట కూడా అనేసింది.

"నాకు చాలా భయంగా ఉందిరా తీషా. ఎవరికీ చెప్పకు."

హోసియత్ నోట్లో తలగుడ్డ కొస కుక్కుకుని నేల మీద కూచుండిపోయింది. ఈ మాటలు వినే హక్కు తనకు లేదనిపించింది, వినకుండా పారిపోయే దారీ లేదు. తన బతుకంతటిలో అంత నీచంగా తనకి తాను ఎప్పుడూ కనిపించలేదు.

ఆదివారం పొద్దున పక్క మెట్లవైపు వాటాలో ఉండే మమ్లకత్ ఎదురైంది. పిల్లిని వెతుకుతున్నావటగా అని తనే కదిపింది. బుధవారం సాయంత్రం ఓ బూడిదరంగు పిల్లి మా మెట్ల మీద చేరి ఒకటే గోల అంది. ఎవరింటి తలుపు తీసినా లోపలికి దూరబోతోందట. పిండి గోతంలో వేసి, గురువారం వ్యానులో బజారుకి తీసుకెళ్లి మాంసం కొట్ల వరసలో వదిలేసిందట. ఆ ఊళ్లో ఎక్కువైన పిల్లిని ఎవరైనా అలాగే చేస్తారు, హోసియత్ కూడా రెండుసార్లు చేసింది. అక్కడ కొవ్వు ముక్కలకి కరువుండదు, పిల్లి బతికిపోతుంది. మమ్లకత్ ముఖంలో మంచిపని చేసిన వెలుగే ఉంది. ఆవిణ్ణి తిట్టడానికి హోసియత్‌కి నోరు రాలేదు. ఏమని తిడుతుంది?

ఆదివారం బజారంటే ఇసుకేస్తే రాలదు. మాంసం వరసలో కొట్టుకొట్టుకీ నాలుగేసి పిల్లులున్నాయి, చెవులు తెగినవి, ఒంటికన్నువి, తిండికోసం ఒకదాన్నొకటి రక్కుకునేవి. ముళ్లు ఏరిన చేప తిన్నవాడు వీటి మధ్య ఒక్క పూటైనా ఎలా నిలిచాడోనని హోసియత్ గుండె చెరువైంది. చీకటిపడేదాకా తిరిగింది, కనబడలేదు. ఆ సాయంత్రం రిమ్మాతో మాట్లాడనివ్వలేదు. రేపటికి సిద్ధం చేస్తున్నామని నర్సు ఫోను తీసుకుంది. దేవుడు తనని కాపాడాడో శిక్షించాడో హోసియత్‌కి అర్థం కాలేదు.

సోమవారం కొట్లు తెరవకముందే మళ్లీ వెళ్లింది. ఓ గొర్రెమాంసం కొట్టతను పిలిచి, వెనకవైపు మురుగుకాలవ దగ్గర ఏదో ఉంది, చూసుకోమన్నాడు. తోపుడుబండి కిందో, లారీ కిందో పడింది. ముందు కాళ్లు కదులుతున్నాయి, వెనక సగం కదలడం లేదు. కిస్ కిస్ అనగానే తల ఎత్తి చూసింది. హోసియత్ పైకోటు విప్పి దాన్ని చుట్టి, గుండెకదుముకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

నొదిర్ అనే ఆ కుర్ర డాక్టరుకి ఆవులతో, గొర్రెలతోనే పని. నడుం తడిమి చూసి తల అడ్డంగా ఊపాడు. వెన్నెముక విరిగింది పెద్దమ్మా, ఇది బతకదు అన్నాడు. ఇలాగే ఉంచితే రెండు రోజులో, మూడు రోజులో ఈ బాధ పడి పోతుంది, సూదిమందు వేస్తే నిద్రలోనే పోతుంది అన్నాడు. రష్యన్లు తీసుకొచ్చి వేయించేవారట. మనవాళ్లెవరూ అడగరు అని చేతులు కడుక్కున్నాడు.

పిల్లిని చంపడం. హోసియత్ అమ్మమ్మ పిల్లి పాలు తాగేసినా చీపురెత్తేది కాదు. ప్రాణం పోసినవాడే తీసుకోవాలి, మధ్యలో మనమెవరం అన్నది ఆ ఇంట్లో అన్నంతోపాటు తిన్న మాట. ఇంతకుముందు పెంచిన ముసలి పిల్లికి రిమ్మా ఇలాగే సూది వేయిస్తే, హంతకురాలివన్నంత మాట అనేసి నెల్లాళ్లపాటు ఆ గడప తొక్కలేదు హోసియత్. రిమ్మా ఎంతో చెప్పింది, వాడు అరుస్తుంటే చూస్తూ కూచోమంటావా అని. అప్పుడు హోసియత్ వినిపించుకోలేదు.

"ఎవరిది పెద్దమ్మా? వాళ్లని అడక్కూడదూ?"

"మా అక్కది బాబూ. ఈ గడియలో ఆవిడ ఛాతీ కోస్తున్నారు."

"అయితే నువ్వే చెప్పాలి."

తీష అరవడానికి నోరు తెరిచింది, శబ్దం రాలేదు. హోసియత్ దేవుణ్ణి తలుచుకుంది.  తన పుణ్యం తనకెక్కాలని తలుపు తీసింది, దాని నడుం విరిగింది. ఇప్పుడూ తన పుణ్యమే చూసుకుంటే ఆ బాధంతా మళ్లీ ఇదే పడాలి. పగిలిన వేళ్లతో దాని తల రెండు చేతుల మధ్యకి తీసుకుంది.

"వెయ్యి బాబూ. పాపమేదైనా ఉంటే నాది."

సూది దిగాక దాని తల బరువెక్కేదాకా చేతులు తియ్యలేదు. మిల్లు గోడ పక్కన, గట్టిపడిన నేలని గడ్డపలుగుతో తవ్వి పూడ్చింది. సాయంత్రం తాష్కెంట్ నుంచి కబురొచ్చింది, ఆపరేషన్ బాగా జరిగిందని. ఏడుపొచ్చింది. ఎవరి కోసమో ఆమెకే తెలీలేదు.

రిమ్మా గొంతు విప్పడానికి పదిరోజులు పట్టింది. హోసియత్ జరిగింది నర్సుకి చెబితే, ఆ పదిరోజులూ రిమ్మా అడిగించినా పిల్లి బాగుందనే కబురు పంపమని గట్టిగా చెప్పింది. పదకొండో రోజున రిమ్మా తనే ఫోను చేసింది. తీష ఎలా ఉన్నాడని అడగలేదు.

"పదిరోజులూ బాగున్నాడన్న ఒక్క మాటే పంపావు. ఎప్పుడు పోయాడు హోసియత్?"

హోసియత్ అంతా చెప్పింది. తలుపు, బజారు, మురుగుకాలవ, ఒక్కటీ దాచలేదు. నేనే తీశానక్కా తలుపు, నా చేతులారా తీశాను అని రెండుసార్లు అంది. 

"బాధపడ్డాడా?"

"ఐదు రోజులు పడ్డాడక్కా. చివర్న పడలేదు. సూది వేయించాను."

రిమ్మా మళ్లీ అడిగింది.

"నువ్వు? నువ్వు వేయించావా?"

"నేనే పట్టుకున్నాను."

"నీకు నరకమంటే భయం కదే."

"భయమే అక్కా. ఇప్పుడూ భయమే."

క్షమించానని రిమ్మా అనలేదు. క్షమించమని హోసియత్ అడగలేదు, అడిగే ముఖం లేదు. అవతల ఆవిడ ఏడుస్తుంటే, కొత్తగా కుట్టిన ఛాతీ నొప్పెడుతుందేమోనని ఈవిడ ఇక్కడ ఊపిరి బిగబట్టి విన్నది. మందుల వేళయిందని నర్సు వచ్చి ఫోను తీసుకునేదాకా ఇద్దరిలో ఒక్కరూ పెట్టెయ్యలేదు.