తెల్ల సైకిల్

మా చెల్లెలి కూతురి పురిటికని అమెరికాలో అరోరా ఊరు వెళ్ళినప్పుడు, బస్ స్టాపు దగ్గర స్తంభానికి గొలుసేసి కట్టిన సైకిల్ చూశాను. చక్రాలతో సహా అంతా తెల్ల రంగే. ఒక తెలుగు పిల్ల దాని మీద మంచు దులుపుతోంది.

"నీదేనా అమ్మా? టైర్లకి కూడా రంగేశారేం?" అని నవ్వాను.

"నా రూమ్మేట్ శ్రావ్య కోసం పెట్టారాంటీ. ఇక్కడే కారు గుద్దేసింది. సైకిల్ మీద వెళ్తూ ఎవరైనా పోతే ఇక్కడివాళ్ళు ఇలా పెడతారంట. మేమెవరో కూడా తెలీదు వాళ్ళకి."

ఆ పిల్ల కాలేజీలో కొత్తగా చేరింది. వేరే ఊరి కాలేజీకి మారిపొమ్మని వాళ్ళ నాన్న రోజూ ఫోన్ చేస్తున్నాడట.

"మారిపో తల్లీ. ఈ ఊళ్ళో నీకెవరున్నారు?" అన్నాను.

"నేనూ వెళ్ళిపోతే ఇదెవరి సైకిలో చెప్పేవాళ్ళే ఉండరాంటీ."

బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. కోటు కిందున్న కొంగు బయటికి లాగి, రెండో వైపు మంచు తుడిచాను.