గరిటె లేకుండా కొండెక్కాలని

మా ఇంట్లో ఎవరైనా ప్రయాణం అన్నారంటే అటక మీద నుంచి ముందు దిగేది పెట్టెలు కాదు, పెద్ద గిన్నెలు. నెల్లూరు జిల్లా ఆత్మకూరు బజారులో మాది టోకు కిరాణా కొట్టు. మా వాళ్ళు బయట తిండి ముట్టరు. ఎక్కడికి పోయినా వండి వడ్డించేది నేనూ, మా తోడికోడలూ. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఇదే వరస.

నాకేమో కొండల పిచ్చి. ఒక కొండెక్కాలి, గుడారం వేసుకోవాలి, రాత్రి అక్కడే పడుకుని పొద్దున దిగి రావాలి. ఆ ఒక్క రాత్రి ఎవరికీ ఏదీ వడ్డించకూడదు. నా కోరికల్లా ఇంతే. వంటపని అయ్యాక ఫోను పట్టుకుని కూర్చునేదాన్ని. ఏ కొండకు ఏ నెల మంచిది, ఏ రైలెక్కాలి, దారిలో నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ చూసి పెట్టుకునేదాన్ని. ఇంత పెద్ద దేశంలో నెల్లూరు నుంచి ఉత్తరాది మంచుకొండలకు పోవాలంటే సగం సెలవు రైల్లోనే కరిగిపోతుంది. అయినా సరే అనుకున్నాను.

మొదటిసారి ఉత్తరాఖండ్ అనుకున్నాం, నేనూ మా ఆయనా. సరే అన్నాడు. వారం తిరక్కుండా, "అక్కా వాళ్ళు కూడా వస్తారంట" అన్నాడు. తర్వాత చేజర్ల నుంచి పిన్నమ్మ వాళ్ళు తయారయ్యారు. జనం పెరిగేసరికి నడక పోయి బస్సు వచ్చింది. బస్సు వెంట గుళ్ళు వచ్చాయి, గుళ్ళ వెంట గ్యాస్ బండ వచ్చింది. ఎదురుగా మంచుకొండ మెరిసిపోతుంటే నేను సత్రం వరండాలో నడుం వంచి సాంబారు పోస్తున్నాను. "చూసినావా, నీ కొండలు చూపించినా!" అన్నాడు మా ఆయన విస్తరి ముందు కూర్చుని. ఆ గరిటెతోనే నెత్తిన ఒకటి వేద్దామనిపించింది.

మరుసటేడు కర్ణాటక కొండలన్నాను. అదీ అలాగే తగలడింది. నేను మొహం ముడుచుకుంటే మా అత్తమ్మ, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నవ్వింది. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఇంకో రెండు గరిటెలు పెట్టించుకున్నారు.

ఈ చలికాలం దూరాలు వద్దనుకున్నాను. ఉదయగిరి కొండ ఉండనే ఉంది. ఆ ఊళ్ళో నాతో కాలేజీలో చదివిన ముస్లిం స్నేహితురాలు ఉంది. వాళ్ళాయన అడగాల్సిన వాళ్ళను అడిగి, పాత కోటగోడ పక్కన చదునైన చోటు చూసి పెట్టాడు. గుడారం కూడా వాళ్ళే ఇచ్చారు. మా తోడికోడల్ని వస్తావా అంటే కళ్ళు పెద్దవి చేసి, "వస్తానక్కా" అంది. ఇంట్లో దాచలేదు. "మేమిద్దరం పోతా ఉండాం. పొద్దున వస్తాం. వండి పెట్టినాం, తినండి" అని మా ఆయన మొహం మీదే చెప్పాను. ఇద్దరికి సరిపడా చపాతీలు, కందిపొడి, కాస్త పెరుగన్నం, ఊరగాయ కట్టుకున్నాను. మా ఇంట్లో ఇద్దరికి లెక్కగా కట్టడం ఎంత కష్టమో! చెయ్యి దానంతటదే ఇంకో పిడికెడు బియ్యం పోయబోతుంది.

కొండ దారిలో మా తోడికోడలు అడుగడుక్కీ ఆగింది. "సంచిలో ఏందే అంత బరువు?" అంటే, "దుప్పటక్కా" అంది.

పొద్దు వాలేసరికి గుడారం నిలబడింది. కింద ఊళ్ళో అక్కడొకటి ఇక్కడొకటి దీపాలు వెలుగుతున్నాయి. ఇద్దరం రాతి మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. ప్రాణం హాయిగా ఉంది.

బాగా చీకటి పడ్డాక కింది నుంచి మాటలు. మా ఆయనా, మా మరిదీ రొప్పుకుంటూ ఎక్కి వస్తున్నారు. "ఇద్దరాడోళ్ళు కొండ మీద ఉంటే మాకు నిద్ర పడతాదా?" అన్నాడు మా ఆయన. చేతుల్లో టార్చిలైట్లు తప్ప ఏమీ లేవు. ఇంటికి కూడా పోకుండా, కొట్టు కట్టేసి నేరుగా వచ్చారట. కూర్చోవడం కూర్చోవడమే, "ఆకలేస్తా ఉండాది. ఏం తెచ్చినారు?" అన్నాడు.

ఇంట్లో వండి పెట్టిన అన్నం ఇంట్లోనే ఉంది. కానీ ఆడవాళ్ళు ఎక్కడుంటే అన్నం అక్కడ ఉంటుందని వీళ్ళ నమ్మకం. ఒళ్ళు మండిపోయింది.

"మా ఇద్దరికే తెచ్చుకున్నాం" అన్నాను.

వేళాకోళమనుకుని నవ్వారు. నవ్వు ఆగకముందే మా తోడికోడలు సంచి విప్పింది. దుప్పటి కింద పెద్ద డబ్బా నిండా పులిహోర. దాని పక్కన గరిటె.

"ఎందుకైనా మంచిదని, అక్కా" అంది నా మొహం చూడకుండా.

ఏడవాలో తిట్టాలో తెలియలేదు. దాన్ని అని ఏం లాభం? అందరం కలిసి దాన్నలా తయారు చేశాం. దాని చేతిలో గరిటె లాక్కుని మా ఆయన చేతిలో పెట్టాను.

"వడ్డించు."

"నేనా?"

"నువ్వే. ముందు ఎక్కింది మేము. ముందు మాకు."

మా ఆయన లేచి, వంగి, మా ఇద్దరికీ పులిహోర పెట్టాడు. తర్వాత నా పెరుగన్నం దగ్గర ఆగి, "ఊరగాయ ఎంత వెయ్యను?" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. దాంతో నా కోపం చల్లారిందనుకున్నారు వాళ్ళు. చల్లారలేదు, రెట్టింపయింది. ఇంత చిన్న మాట ఇంట్లో అడగడానికి ఏం అడ్డమొచ్చింది? దీనికి నేను కొండెక్కాలా?