థోకాజీకి సీమంతం

మా తాయారమ్మత్తని చూస్తే మీకు ఏమీ అనిపించదు. పొట్టి మనిషి. బుగ్గన కిళ్ళీ, నుదుట రూపాయి కాసంత బొట్టు. ఇక్కడ బర్మాలో, పజుండౌంగ్ పేటలో, మా తెలుగువాళ్ళ అమ్మవారి గుడి గేటు పక్కన పీట వేసుకుని మాలలు కట్టి అమ్ముతుంది. కొనకుండా పూలు పిసికి చూసేవాళ్ళని ఏకిపారేస్తుంది. బర్మా భాషలో మొదలెట్టి తెలుగులో పూర్తి చేస్తుంది, ఎందుకంటే అసలైన తిట్లన్నీ ఆవిడకి తెలుగులోనే ఉన్నాయి. నా మొగుడికి మేనత్త కాబట్టి ఆ తిట్లలో నాకూ వాటా ఉంది.

ఆవిడ పీటకి నీడ ఇచ్చేది గుడి ఆవరణలోని థోకాజీ చెట్టు. ఈ దేశంలోనే పుట్టిన చెట్టు. చలికాలం పోయేసరికి కొమ్మకొమ్మకీ ఎర్రటి గుత్తులు మూరెడు పొడుగున కిందికి వేలాడతాయి. రేకు కొసన పసుపు చుక్క పెట్టినట్టుంటుంది. అడవిలో ఇప్పుడా చెట్టు కనబడటమే గగనం. మా గుడిలోది ఎవరు పాతారో ఎవరికీ గుర్తు లేదు. తెల్లారేసరికి అత్త కర్రకి కొక్కెం కట్టి ఆ గుత్తులు దింపేసేది. సగం మా అమ్మవారికి, సగం బర్మా వాళ్ళు బుద్ధుడి పగోడాకి పట్టుకెళ్ళేవాళ్ళు. పువ్వన్నాక దేవుడి దగ్గరికి చేరాలి, చెట్టు మీద వాడిపోతే పాపం అనేది అత్త.

పోయినేడు ఆ చెట్టు మొదలు డొల్లయిపోయిందని తేలింది. రోడ్డువైపు ఒరిగింది కూడా. వానల్లో బడిపిల్లల మీద పడితే ఎవరు జవాబు చెప్తారు? గుడి పెద్ద రఘునాథ్ గారు తింజాన్ నీళ్ళ పండగ అవగానే కొట్టించేద్దామన్నారు. ఆయనది తప్పనడానికి లేదు.

అప్పుడొచ్చింది ఆశ. ఊరి అవతల ఇన్సేన్ పేట పిల్ల, మన తెలుగు పిల్లే, కాకపోతే నాలుగు మాటల్లో మూడు బర్మావి. ఆ పిల్లా, దాని స్నేహితులూ సెలవు రోజుల్లో ఊరంతా తిరిగి మిగిలిన థోకాజీలని వెతుకుతారట. గింజ సంపాదించి, మొలకెత్తించి, అడవుల వైపు పంపుతారట. జీతం లేదు, భత్యం లేదు. కుండీలకీ మట్టికీ ఎవరో దాతలు ఇస్తారు. వీళ్ళకి పనీపాటా లేదేమో అనుకున్నాను, నిజం చెప్పొద్దూ. మా చెట్టుని చూసి ఆ పిల్ల కళ్ళింత చేసుకుంది.

"మామ్మా, ఇది ఎప్పుడైనా కాయ కాసిందా?"

"కాయేటే? దీనికి కాయెక్కడిది? గొడ్డు సెట్టిది," అంది అత్త.

"పువ్వులన్నీ కోసేస్తే కాయ ఎలా వస్తుంది మామ్మా?"

ఆ పిల్ల మామూలుగానే అంది. అత్త చేతిలో దారం ఆగిపోయింది. మాలలు సగంలో వదిలేసి ఇంటికొచ్చి నా వంటింటి గుమ్మంలో కూలబడింది. "నలభై ఏళ్ళే దుర్గా! దాన్ని గొడ్డు, గొడ్డని తిట్టినాను. ఏటేటా దాని కడుపు నానే తీసీసినాను," అని భోరుమంది. మా అత్త ఏడవగా చూడటం నాకదే మొదటిసారి.

మర్నాటినుంచి ఆవిడకి ఒకటే పట్టు. ఆ చెట్టు పోయేలోపు దానికి ఒక్క పిల్లయినా పుట్టాలి. మిగిలింది ఆ ఒక్క పూత. దీని పుప్పొడి దీనికి పనికిరాకపోవచ్చు, ఇంకో చెట్టుది తేవాలని ఆశ చెప్పింది. ఇన్సేన్‌లో డా ఖిన్ మ్యా అనే పెద్దావిడ దొడ్లో ఒక థోకాజీ ఉంది. అత్త తెల్లారగట్ల రైలెక్కి వెళ్ళి, ఆ పూలు టిఫిను గిన్నెలో అరిటాకు పరిచి పెట్టుకుని, ఎండెక్కకముందే తిరిగొచ్చేది. వచ్చి నిచ్చెనెక్కేది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి! కింద నిచ్చెన పట్టుకుని నేను అమ్మవారిని తలుచుకునేదాన్ని. పుల్లకి చుట్టిన దూదితో పుప్పొడి అద్ది, అద్దిన గుత్తికి గుర్తుగా పసుపుతాడు కట్టేది.

అదే కొంప ముంచింది. పసుపుతాడు కనిపిస్తే మనవాళ్ళు ఊరుకుంటారా? ఎవరో మొక్కు కట్టారు, ఈ చెట్టుకి మహిమ ఉన్నట్టుందని ఒకావిడ ఓ తాడు కట్టింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. శుక్రవారం నాటికి అందిన గుత్తికల్లా తాడే. ఎదురింటి బర్మా ఆవిడ కొడుకు ఉద్యోగం కోసమని తనూ కట్టేసి పోయింది. ఆశ వచ్చి తల పట్టుకుంది. ఏది అద్దిన గుత్తో ఏది కాదో ఇంక అమ్మవారికే తెలియాలి. అత్త శాపనార్థాలు మొదలెట్టి, మధ్యలో టక్కున ఆగింది.

"ఉండండే! మొక్కు కట్టిన పువ్వు ఎవులు కోస్తారు?"

నిజమే. ఆ ఏడు మా చెట్టు మీద ఒక్క చెయ్యి పడలేదు. గుత్తులన్నీ కొమ్మల మీదే వాడాయి. అత్త మల్లెలు అమ్ముకుంది.

పండగ నాలుగు రోజుల్లో ఉందనగా ఓ పొద్దున్న అత్త గావుకేక పెట్టింది. "దుర్గా! పరిగెట్టి రాయే!" పొయ్యి మీద పాలు పొయ్యి మీదే వదిలేసి పరిగెట్టాను. పైకొమ్మన ఎండిన గుత్తిలోంచి చిక్కుడుకాయలాంటి కాయ. నెత్తురంత ఎరుపు. వెనకనుంచి ఎండ పడి లోపల దీపం పెట్టినట్టుంది. అటు చూస్తే ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. ఓలమ్మో, నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ చెట్టు కిందే కూరలు బేరమాడాను, దానిలో ఇంత ఉందని ఎప్పుడైనా తలెత్తి చూశానా? డొల్లయి, ఒరిగి, రేపోమాపో పడిపోయే చెట్టు, కాయడానికి వదిలిన మొదటి ఏడే కాసేసింది! అత్త కిళ్ళీ ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

కానీ కాయ ముదరాలంటే వానాకాలం సగం గడవాలి. రఘునాథ్ గారేమో మెత్తబడలేదు. "పడితే ఏ తల్లికి సమాధానం చెప్పనమ్మా?" అన్నారు.

పండగ వెళ్ళాక, చెట్టు కొట్టడానికి ట్వంటే అనే ఊరి నుంచి కో తూరా అనే ఆయన రంపంతో, తాళ్ళతో వచ్చాడు. అప్పటికి వీధిలో ఆడవాళ్ళమంతా చెట్టు చుట్టూ ఉన్నాం. కొట్లాటకి కాదు, సీమంతానికి. ఎన్నో నెలో మాత్రం అడక్కండి. అత్త చలిమిడి చేసి తెచ్చింది. మానుకి పసుపు రాసి, ఎర్రచీర చుట్టి, గాజులు తాడుకి గుచ్చి కట్టాం. గంధం చాలకపోతే బర్మా ఆడవాళ్ళు తాము బుగ్గలకి రాసుకునే తనకా తెచ్చి పూశారు.

కో తూరా బిత్తరపోయాడు. "ఏం పండగ ఇది?" అనడిగాడు బర్మాలో.

అత్త పైకి చెయ్యి చూపించింది. "కడుపుతోటున్నాది నాయినా. కడుపుతోటున్నదాన్ని నరుకుతావేటి?"

తెలుగులోనే అంది. నేను బర్మాలో చెప్పాను. ఆయన తలెత్తి ఆ ఎర్రకాయల్ని చూశాడు. రంపం కింద పెట్టి చెప్పులు విప్పాడు. "దీన్ని నేనిప్పుడు కొయ్యను. నిలబెట్టమంటే నిలబెడతాను," అన్నాడు. రఘునాథ్ గారు మాత్రం ఏమంటారు? హారతి పళ్ళెం ఆయన భార్య చేతిలోనే ఉంది. సరేనన్నారు.

డా ఖిన్ మ్యా దుంగలు పంపింది. ఆ రంపం మనిషే కాయల్లేని కొమ్మలు తీసి బరువు తగ్గించి, మానుకి ఆ దుంగలే ఆనులుగా పెట్టాడు. రోడ్డుకి తడిక కట్టి బడిపిల్లల్ని అటు రాకుండా తిప్పేశారు. వానలు దంచాయి. గాలికి ఆనులు మూలిగేవి, చెట్టు మాత్రం ఆగింది. దేన్ని పట్టుకుని ఆగిందో నాకు అర్థం కాదు, పైన బెరడు తప్ప లోపల ఏమీ లేదు. శ్రావణంలో ఒక ఎండపొద్దున టప్పుమని మొదటి కాయ పేలింది. కింద కట్టిన చీరలో గింజలు పడ్డాయి. ఆశ అప్పటికప్పుడే మట్టిలో పెట్టింది. అన్నీ మొలవలేదు, మొలిచినవి చాలు. లేత గులాబీరంగు ఆకులు తలలు వేలాడేసుకుని పుట్టాయి.

కాయలన్నీ పేలిపోయాక కో తూరా మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎవరమూ అడ్డం వెళ్ళలేదు. రంపం ఆనించేముందు ఆయన అత్తకేసి చూశాడు. అత్త ఒక మొలక కుండీ ఎత్తుకుని వెళ్ళి, ఆ లేత ఆకులు మానుకి తగిలేలా పట్టుకుంది.

"ఇదిగోనే నీ గుంట, నీ పిల్ల. సూసుకున్నావు గదా," అంది. "ఇంక పడుకో తల్లీ. దీన్ని నాను పెంచుతాను."

కుండీని చీరకొంగు చాటున పెట్టుకుని పక్కకి జరిగింది. కో తూరాకి తలూపింది.