ఎఫీ నమిలిన మాంసం

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, మెకెంజీ నది పాయలు పాయలుగా చీలే చోట ఉన్న ఆ ఊరి బడిలో ఎఫీ ఇరవై ఏళ్లు వంట చేసింది. కూరలో కారం వేసేది కాదు గానీ, ఆ లోటు మాటల్లో తీర్చేది. తమ్ముడు ఏబెల్ కడుపులో క్యాన్సర్‌తో పోయాక ఆ నోరు కాస్త తగ్గింది. కడుపులో కాపురం పెట్టే ఒక క్రిమి వల్ల అలాంటి క్యాన్సర్ రావచ్చని, అది ఊళ్లో చాలామందికి ఉందని నర్సు చెప్పింది. గొట్టం మింగి చూపించుకోవాలంటే విమానమెక్కి ఇనువిక్‌లోని పెద్దాసుపత్రికి వెళ్లాలి.

"నా గొంతు దిగాలంటే అది తిండై ఉండాలి" అని ఎఫీ కదల్లేదు.

అందుకని ఈ వసంతంలో ఊదే పెట్టే ఊళ్లోకి వచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మందునీళ్లు తాగి ఊదాలి. కడుపులో క్రిమి ఉంటే ఊపిరిలో అమ్మోనియా పెరుగుతుంది, పెట్టె పసిగడుతుంది. ఊదించే పని ఎఫీ అక్క కూతురు మారియన్‌ది.

"రాత్రి నుంచి ఏమైనా తిన్నావా పిన్నీ?"

"పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు."

"నోరు తెరువు. ఆ పళ్లలో ఏంటి మరి?"

"కారిబూ దుప్పి ఎండుమాంసం. నేను తిన్లేదే, నమిలానంతే. తిన్నది అమ్మ."

మారియన్ పెట్టె కింద పెట్టేసింది. ఎఫీ తల్లి సెలీనాకి ఎనభై తొమ్మిదేళ్లు. కట్టుడుపళ్లు సొరుగులో పడేసి, ఎఫీ నమిలి మెత్తగా చేసిందే తింటుంది. ఆరేళ్లుగా ఆ ఇంట్లో అంతే.

"ఆ క్రిమి ఎంగిలి వల్ల కూడా అంటుకోవచ్చంటున్నారు పిన్నీ."

ఎఫీ తన కడుపు సంగతి అప్పుడే మర్చిపోయింది. తనకే ఉంటే, పూటపూటా తల్లి నోట్లో పెట్టింది తానే కదా.

"రేపు అమ్మని కూడా తీసుకొస్తా" అంది.

మర్నాడు ఇద్దరూ నిజంగానే ఖాళీ కడుపుతో వచ్చారు. ఎఫీ ఊదింది. ఉంది. సెలీనా ఊదింది. ఉంది. మారియన్ రెండు వారాల మాత్రల గురించి చెబుతోంది గానీ ఎఫీ చెవికెక్కలేదు.

"నేనే అంటించానమ్మా నీకు."

"నీకు పళ్లు రాకముందు ఎవరు నమిలి పెట్టారే?"

"నువ్వే."

"మరి? ఎవరు ఎవరికి అంటించారో ఆ పెట్టె చెప్పిందా? పద, ఆకలేస్తోంది."

ఎఫీకి ప్రాణం కుదుటపడింది. ఇంటికొచ్చి మాంసాన్ని గుడ్డలో చుట్టి, గొడ్డలి వెనకవైపుతో పొడి పొడిగా దంచింది. కాస్త కొవ్వు కలిపి తల్లి ముందు పెట్టింది.

సెలీనా ఒక చిటికెడు నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించింది.

"బానే ఉంది. ఏబెల్‌కి కూడా చిన్నప్పుడు ఇలాగే దంచి పెట్టాల్సింది" అంది.